డీవీడీ నుంచి డెబియన్ 12 ఇన్‌స్టాలేషన్ మధ్యలో ఆగిపోతోంది, సహాయం కావాలి

32 బిట్ ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్ ఉన్న పాత డెస్క్‌టాప్‌లో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ అయిన డెబియన్ 12 వేయాలని ప్రయత్నిస్తున్నాను. డెబియన్ 13కు 32 బిట్ ఇన్‌స్టాలర్ లేదు కనుక ఈ వెర్షన్‌నే ఎంచుకున్నాను. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే ప్రాథమిక ప్రోగ్రామ్‌లో) యూఎస్‌బీ నుంచి బూట్ అయ్యే సదుపాయం లేదు, అందువల్ల డీవీడీయే ఆధారం.

డిస్క్ నుంచి బూట్ సవ్యంగానే అవుతుంది, భాష, కీబోర్డు ఎంపికలు కూడా పూర్తవుతాయి. ఆ వెంటనే, ఇన్‌స్టలేషన్ మీడియాను గుర్తించే దశలో, డిస్క్‌ను మౌంట్ చేయలేకపోయినట్లు, అంటే అందులోని ఫైళ్లను తెరవలేకపోయినట్లు, ఎర్రని తెర వస్తుంది. మళ్లీ ప్రయత్నించమన్నా ఫలితం అదే.

డౌన్‌లోడ్ చేసిన ఐఎస్‌ఓ ఫైలు ఎస్‌హెచ్‌ఏ512 చెక్‌సమ్ సరిపోయింది, అంటే డిస్క్ నకలైన ఆ ఫైలు డౌన్‌లోడ్‌లో పాడవలేదు. అతి తక్కువ వేగంతో వేరే కంపెనీ డీవీడీపై మళ్లీ రాశాను, సాటా కేబుల్ మార్చాను, బయోస్‌లో సాటా డ్రైవ్‌ల మోడ్‌ను ఏహెచ్‌సీఐ నుంచి ఐడీఈకి మార్చి చూశాను. ఆల్ట్, ఎఫ్2 నొక్కి షెల్‌లోకి (ఆదేశాలు టైపు చేసే తెరలోకి) వెళ్తే డీవీడీ డ్రైవ్‌ను సూచించే ఎస్‌ఆర్‌0 డివైస్ కనిపిస్తోంది, కానీ చేతితో మౌంట్ చేయబోతే డీమెసేజ్‌లో, అంటే కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) సందేశాలలో, ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్లు వరుసగా వస్తున్నాయి. నాకు అంతుపట్టనిది ఇక్కడే: ఇదే డిస్క్ మరో కంప్యూటర్‌లో చివరిదాకా చక్కగా చదవబడుతోంది.

బూట్ వరకు చదవగలిగిన డ్రైవ్ కెర్నల్ నడిచాక చదవలేకపోతే, లోపం డ్రైవ్ లెన్స్‌దా, లేక బూట్ సమయంలో ఇవ్వవలసిన కెర్నల్ పారామీటర్ ఏదైనా ఉందా?