మూతబడిన కాస్టిక్ సోడా కర్మాగారం పక్కన ఇల్లు: ఏమేం పరీక్ష చేయించాలి?

ప్రశ్న (గంజాం జిల్లా నుంచి):
ఋషికుల్య నది దగ్గర, ఒకప్పుడు పాదరసం వాడి కాస్టిక్ సోడా తయారుచేసి మూతబడిన కర్మాగారం గోడ పక్కనే మా ఇల్లు ఉందండీ. వాన పడితే గోడ అడుగు నుంచి బూడిదరంగు నీరు పెరట్లోకి వస్తుంది. మా నాలుగేళ్ల పాప ఆ మట్టిలోనే ఆడుకుంటుంది. బావినీరు పరీక్ష చేయిస్తే సరిపోతుందా?

జవాబు (బరంపురం నుంచి):
సరిపోదండీ. తాగునీటిలో పాదరసం లీటరుకు 0.001 మిల్లీగ్రాము మించరాదన్నది మన ప్రమాణం. అయితే విషం ఎక్కడుంది, ఏ దారిన వస్తుంది, ఎవరిని చేరుతుంది అన్న మూడూ కలిపి చూస్తేనే ప్రమాదం తేలుతుంది. చిన్నపిల్లలు మట్టిచేతులు నోట్లో పెట్టుకుంటారు కనుక, రోజుకు 200 మిల్లీగ్రాముల మట్టి లోపలికి పోతుందన్న అంచనాతో లెక్క కట్టడం వాడుకలో ఉంది. ఒంటి బరువు తక్కువ కాబట్టి అదే మట్టి పెద్దవారికన్నా పాపకే ఎక్కువ మోతాదు అవుతుంది. ముందుగా పెరటి పైమట్టిని, ముఖ్యంగా నీరు నిలిచేచోట, పరీక్షకు పంపండి. నీళ్లు కాచినంత మాత్రాన పాదరసం పోతుందని దయచేసి నమ్మకండి.

మరో జవాబు (పర్లాకిమిడి నుంచి):
చేపలను మరువకండి. నీటి అడుగు బురదలోని సూక్ష్మజీవులు పాదరసాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తాయి. అది పెద్ద చేపల్లో పేరుకుంటుంది, వండినా పోదు. గర్భిణులు తింటే కడుపులోని బిడ్డ మెదడుకు హాని.

ప్రశ్న అడిగినవారు:
మా ఇంట్లో వారానికి మూడుసార్లు ఏటి చేపే వండుతాం. అది కూడా పరీక్షకు ఇస్తాను. ఫలితం వచ్చేదాకా పాపను పెరట్లోకి పంపను.