వెయిటింగ్ టైం వెనక్కి లెక్కగట్టి కలపడం న్యాయమేనా? అమెరికా కిడ్నీ లిస్టు మీద చర్చ

సోమబుధశుక్ర:
నేను ఉండేది అమెరికాలో. డయాలసిస్ మొదలై ఐదో ఏడు నడుస్తోంది. వారానికి మూడు రోజులు, పూటకి నాలుగు గంటలు, అదే హాలు, అదే కుర్చీ. పక్క కుర్చీలో ఒక నల్లజాతి పెద్దాయన ఉండేవారు, నాకంటే ఎనిమిది నెలలు ఆలస్యంగా డయాలసిస్‌కి వచ్చారు. మా ఇద్దరిదీ బి గ్రూపే. 2023 డిసెంబర్‌లో ఆయనకి ట్రాన్స్‌ప్లాంట్ ఆస్పత్రి నుంచి ఉత్తరం వచ్చింది. పాత రక్తపరీక్షల్లో జాతిని బట్టి ఒక అంకెతో హెచ్చవేశారట, అందువల్ల లిస్టులో ఆయన టైం ఆలస్యంగా మొదలైందట, ఇప్పుడు రెండేళ్ల రెండు నెలలు కలుపుతున్నామని రాశారు. సూదులు ఉన్న చెయ్యి కదపకూడదు కదా, రెండో చేత్తో కాగితం పట్టుకుని నాకు చదివి వినిపించారు. కళ్లలో నీళ్లు తిరిగాయి ఆయనకి. నేను సంతోషం అని చెప్పాను గానీ లోపల ఎక్కడో కలుక్కుమంది. నిన్నటిదాకా నా వెనక ఉన్న మనిషి తెల్లారేసరికి నా ముందున్నారు. పోయిన నెల ఆయనకి కిడ్నీ వచ్చింది.

ఆయన మీద కోపం లేదు. కానీ ఈ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వడం లేదు. తప్పు ఎవరో చేశారు, దాన్ని సరిదిద్దడానికి ఏ తప్పూ చేయని నాలాంటి వాళ్లని వెనక్కి నెట్టడం న్యాయమేనా? మొహమాటపడకుండా చెప్పండి.

పొద్దున్నేకాల్:
అన్నా, నేను ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌ని. అలాంటి ఉత్తరాలు నా చేత్తో చాలా పంపాను కాబట్టి అసలు సంగతి చెబుతాను.

పాత ల్యాబ్ రిపోర్టు ఇంట్లో ఉంటే తీసి చూడండి. ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీలు ఎంత పనిచేస్తున్నాయో చెప్పే అంకె) దగ్గర రెండు వరుసలు ఉండేవి, 'ఆఫ్రికన్ అమెరికన్ అయితే' అని ఒకటి, 'కాకపోతే' అని ఒకటి. ఒకే రక్తం, ఒకే క్రియాటినిన్ (కండ నుంచి వచ్చే వ్యర్థం, కిడ్నీలు సరిగా వడకట్టకపోతే రక్తంలో పెరుగుతుంది), అంకెలు మాత్రం రెండు. 1999 నాటి ఫార్ములాలోనూ, 2009లో వచ్చిన దాంట్లోనూ ఈ హెచ్చవేత ఉంది, 2009 దాంట్లో అయితే 1.159తో. కారణం ఏం చెప్పారంటే, అధ్యయనాల్లో నల్లజాతి వాళ్ల క్రియాటినిన్ సగటున కాస్త ఎక్కువ కనిపించింది, కండ ఎక్కువ ఉంటుంది కాబోలు అనుకున్నారు. ఇప్పుడు లిస్టు రూలు చూడండి. డయాలసిస్ మొదలవ్వాలి, లేదంటే ఈజీఎఫ్‌ఆర్ 20కి దిగాలి, అప్పుడే టైం మొదలవుతుంది. మీకు 19 వచ్చిందనుకోండి, లిస్టులో పేరు ఉంటే ఆ రోజు నుంచి లెక్క మొదలు. మీ వయసే, మీ క్రియాటినినే ఉన్న ఆయనకి 22 వస్తుంది. 'ఇంకా టైం ఉంది, మూడు నెలలాగి రండి' అని ఇంటికి పంపుతారు. అలా ఎన్ని మూడు నెలలు పోయాయో, ఆ నెలలే ఇప్పుడు తిరిగి ఇచ్చారు. అదనంగా ఒక్క రోజు కూడా కలపలేదు.

2021లో జాతి లేని ఫార్ములా వచ్చింది. 2022లో అవయవ పంపిణీ చూసే ఓపీటీఎన్ పాత లెక్కని నిషేధించింది. 2023 జనవరి నుంచి ఏడాది గడువిచ్చి, లిస్టులో ఉన్న ప్రతి నల్లజాతి రోగి పాత రికార్డూ తిరగేయమంది. 2024 మార్చి నాటికి 14 వేల మందికి పైగా టైం మారింది, సగటున రెండేళ్లు.

లెక్కలమాస్టారు:
కోఆర్డినేటర్ గారూ, మీరు చెప్పిన హెచ్చవేత తప్పే, ఒప్పుకుంటాను. కానీ అందరూ పక్కకి తప్పించే మాట ఒకటుంది, అది నేను అంటాను. మార్చిన కిడ్నీ నల్లజాతి వాళ్లలో సగటున త్వరగా ఫెయిలవుతోందని అమెరికా రికార్డులే చెబుతున్నాయి. పేదరికం వల్లే అంటారా, హిస్పానిక్ (లాటిన్ అమెరికా మూలాలున్న) వాళ్లలో పేదలు తక్కువేం లేరు, వాళ్లలో కిడ్నీ తెల్లవాళ్లతో సమానంగానో ఇంకా మెరుగ్గానో నిలబడుతోంది. లిస్టులో సుమారు 90 వేల మంది ఉన్నారు. ఉన్న కాసిని కిడ్నీలు ఎక్కువ ఏళ్లు పనిచేసే చోట పెట్టాలి అనడం పాపమా? ఇందులో ద్వేషం ఏమీ లేదు, ఒక కిడ్నీ పదిహేనేళ్లు నడిస్తే ఆ మనిషి మళ్లీ లిస్టులోకి రాడు, ఇంకొకరికి చోటు దొరుకుతుంది.

మందులచీటీ:
మాస్టారూ, పాపం అనను గానీ మీరు సగటు దగ్గరే ఆగిపోయారు. ఎందుకు ఫెయిలవుతోంది అన్నది చూడాలి కదా. నేను ఫార్మసిస్టుని, నాకు తెలిసింది చెబుతాను.

మొదటిది టాక్రోలిమస్. కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా వాడే ముఖ్యమైన మందు. సీవైపీ3ఏ5 అనే ఎంజైమ్ బాగా పనిచేసేవాళ్లు ఈ మందుని త్వరగా అరిగించేస్తారు. ఆఫ్రికా సంతతిలో అలాంటివాళ్లు ఎక్కువ. వాళ్లకి మామూలు డోసుకి ఒకటిన్నర నుంచి రెండు రెట్లు కావాలి. అందరికీ ఒకే డోసుతో మొదలుపెట్టి, రక్తంలో మోతాదు చూసుకుంటూ మెల్లగా పెంచుకుంటూ పోతే, అసలు జాగ్రత్త కావాల్సిన మొదటి వారాల్లోనే మందు చాలదు, రిజెక్షన్ మొదలవుతుంది. తప్పు డోసుది, మచ్చ మాత్రం జాతికి పడింది.

రెండోది నా కళ్లతో చూసింది. 1972 చట్టంతో కిడ్నీ పాడైనవాళ్లకి ఏ వయసైనా మెడికేర్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఇచ్చారు, డయాలసిస్‌కి ఎన్నేళ్లయినా కడతారు. కానీ 65 లోపు వయసుండి, వేరే వైకల్యం లేకపోతే, ట్రాన్స్‌ప్లాంట్ అయిన 36 నెలలకి ఆ కవరేజీ ఆగిపోయేది. ఒకావిడ, గోదాముల్లో పని, ముప్పై ఏడో నెలలో కౌంటర్ దగ్గరికి వచ్చి 'ఈసారికి పదిహేను రోజులవి ఇవ్వండి' అంది. తర్వాత నెల రాలేదు. మళ్లీ వచ్చినప్పుడు రోజు విడిచి రోజు వేసుకుంటున్నానని చెప్పింది. ఆరు నెలలు తిరక్కుండా ఆవిడ చేతికి మళ్లీ డయాలసిస్ సూదుల పట్టీ. ఆవిడ రికార్డులో ఏమని పడుతుంది? 'నల్లజాతి, గ్రాఫ్ట్ ఫెయిల్' అని. మీ సగటులోకి ఆవిడ కూడా వచ్చింది మాస్టారూ. 2020 చివర్లో చట్టం మార్చారు, 2023 జనవరి నుంచి వేరే ఇన్సూరెన్స్ లేనివాళ్లకి ఆ మందుల వరకు మెడికేర్ కొనసాగిస్తోంది. ఎన్ని కిడ్నీలు పోయాక!

ఇక జన్యువు అంటారేమో. ఏపీఓఎల్1 అని ఉంది, 2010లో కనుక్కున్నారు, దాని రకాలు రెండు కాపీలు ఉంటే కిడ్నీకి ముప్పు ఎక్కువ. నిజమే. కానీ అవి రెండూ ఉన్నది నూటికి సుమారు 13 మంది ఆఫ్రికన్ అమెరికన్లకే. పైగా ట్రాన్స్‌ప్లాంట్‌లో ముఖ్యంగా చూడాల్సింది ఇచ్చేవాళ్ల కిడ్నీలో ఆ రకాలున్నాయా అని. అయినా కిడ్నీ నాణ్యత స్కోరులో ఇచ్చినవాళ్లు నల్లజాతి అయితే చాలు మార్కులు తగ్గించేవారు, 2024లో గానీ తీసేయలేదు. 13 మంది కోసం మిగిలిన 87 మంది కిడ్నీలకీ నాసిరకం అని పేరు పెట్టారన్నమాట.

నిక్కచ్చి:
ఎన్ని చెప్పినా లిస్టు అంటే క్యూ. క్యూ మధ్యలో మారిస్తే నమ్మకం పోతుంది, దానాలు తగ్గుతాయి. అంతే.

పొద్దున్నేకాల్:
నిక్కచ్చి గారూ, క్యూ మధ్యలో మార్చడం ఇదే మొదటిసారి కాదు. 2003లో హెచ్‌ఎల్‌ఏ-బి (దాతకీ రోగికీ కణజాలం ఎంత కలుస్తుందో చూసే గుర్తుల్లో ఒకటి) మ్యాచింగ్ పాయింట్లు తీసేశారు, ఎందుకంటే దాతల్లో తెల్లవాళ్లే ఎక్కువ కాబట్టి ఆ పాయింట్లు వాళ్లకే కలిసొచ్చేవి. 2014 డిసెంబర్‌లో ఇంకా పెద్ద మార్పు చేశారు, అప్పటిదాకా లిస్టులో పేరు రాసిన రోజు నుంచి టైం, అప్పటి నుంచి డయాలసిస్ మొదలైన రోజు నుంచి. డాక్టరు మూడేళ్లు ఆలస్యంగా పంపినా ఆ మూడేళ్లు పోవు. నమ్మకం అన్నారు కాబట్టి ఒక మాట. మరణించిన దాతల నుంచి తీసిన కిడ్నీల్లో దాదాపు నాలుగో వంతు ఈ దేశంలో ఎవరికీ పెట్టకుండానే పోతున్నాయి. మనం ఇక్కడ ఒకరి ముందు ఒకరం నిలబడి తోసుకుంటుంటే అటుపక్క కిడ్నీలు చెత్తలోకి వెళ్తున్నాయి. నాకు ఆ కోపం ఎక్కువ.

లెక్కలమాస్టారు:
మందులచీటీ గారూ, ఫెయిల్ అవడం గురించి నా వాదన వెనక్కి తీసుకుంటున్నాను, 36 నెలల సంగతి నాకు తెలియదు. కానీ ఇంకో ప్రశ్న మిగిలే ఉంది. జాతి లెక్కకి ఉత్తరాలు పంపారు, బాగుంది. పేదవాడికి ఎవరు పంపారు? తెల్లవాడో నల్లవాడో, ఊరి చివర ఉండి, గంటల పనికి వెళ్తూ, కిడ్నీ డాక్టర్ని చూసేసరికే డయాలసిస్‌లో పడినవాడికి ఏ తేదీ కలుపుతారు? డబ్బున్నవాళ్లు రెండు మూడు రాష్ట్రాల ఆస్పత్రుల్లో పేరు రాయించుకోవచ్చు, అది రూల్ ప్రకారమే. పిలిస్తే గంటల్లో విమానం ఎక్కగలిగేది ఎవరు?

పొద్దున్నేకాల్:
దీనికి నా దగ్గర సమాధానం లేదు మాస్టారూ. లిస్టులో ఉన్నవాళ్లకే ఉత్తరాలు వెళ్లాయి. లిస్టు దాకా రానివాళ్ల పాత రిపోర్టులు ఎవరూ తిరగేయలేదు.

ఇంకా చెప్పాలంటే, వాళ్లని ఆపే ప్రశ్నలు అడిగేది నేనే. 'ఆపరేషన్ అయ్యాక మిమ్మల్ని ఎవరు చూసుకుంటారు? రాత్రి రెండింటికి జ్వరం వస్తే కారు ఎవరు నడుపుతారు?' ఒకావిడ 'మా అమ్మాయి' అంది. అమ్మాయి వయసు పద్నాలుగు. కమిటీలో ఆవిడ ఫైలు పెండింగ్‌లో పెట్టారు, ఇంకో పెద్ద మనిషి పేరు తెమ్మన్నారు. ఆవిడ మళ్లీ రాలేదు. ఇందులో జాతి అన్న మాట ఎక్కడా లేదు, రూలు అందరికీ ఒకటే. ఇంట్లో ఇంకో పెద్ద మనిషి లేకపోవడం మాత్రం అందరికీ ఒకటి కాదు.

థేమ్స్‌ఒడ్డు:
నేను ఇంగ్లండ్ నుంచి. మా నాన్నగారు ఇక్కడ లిస్టులో ఉన్నారు, ఆయనది కూడా బి గ్రూపే. సోమబుధశుక్ర అన్నా, మీకు ఒకటి చెప్పాలని. ఇక్కడ వెనకబడింది మనవాళ్లే. దక్షిణాసియా వాళ్లలో కిడ్నీ పాడవడం ఎక్కువ, బి గ్రూపు ఎక్కువ, దాతల్లో మాత్రం తెల్లవాళ్లే ఎక్కువ, వాళ్లలో బి తక్కువ. 2020 మే నుంచి ఇంగ్లండ్‌లో వద్దని చెప్పకపోతే సమ్మతి ఉన్నట్టే లెక్క. అయినా చివర్లో ఇంటివాళ్లని అడుగుతారు, అక్కడ మన కుటుంబాలే ఎక్కువగా వద్దంటున్నాయి. మా బాబాయి పోయినప్పుడు మేమే వద్దన్నాం, తలుచుకుంటే ఇప్పటికీ మనసు పీకుతుంది. మార్చిన తర్వాత ఫలితాలు చూస్తే మనవాళ్లవి తెల్లవాళ్లకి పెద్ద తేడా లేకుండా ఉంటున్నాయి, అంటే ఇక్కడ ఇబ్బంది అంతా కిడ్నీ దొరకడంలోనే. రేపు ఇక్కడ ఎవరైనా రూలు మార్చి మా నాన్నకి ఏడాది కలిపితే నేను కాదనను. అలాంటప్పుడు ఆ పెద్దాయనకి కలపడం తప్పని నేను ఏ నోటితో అనగలను?

సోమబుధశుక్ర:
అందరివీ రెండుసార్లు చదివాను. అక్కా, మీరు రెండు వరుసల రిపోర్టు గురించి చెప్పాక నా పాత ఫైలు తీశాను. 2018ది ఒకటి దొరికింది. రెండు అంకెలూ పక్కపక్కనే ఉన్నాయి. నా వరుస చూసుకుని మడిచి పెట్టేశానే గానీ ఆ రెండో వరుస ఎవరిదో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఆయన గురించి ఒకటి రాయలేదు. ఆ రెండేళ్ల రెండు నెలలు ఊరికే రాలేదు. ఆస్పత్రి వాళ్లు పాత పరీక్షల రుజువు కావాలంటే ఆయన కూతురు మూడు క్లినిక్‌లు తిరిగింది. ఒక క్లినిక్ మూతపడింది, వాళ్ల రికార్డులు వేరే చోట ఉంటే అక్కడికి వెళ్లి తెచ్చింది. ఆ కూతురు లేకపోతే ఏమయ్యేదో.

న్యాయమే అని ఇప్పుడు అంటున్నాను. బాధ పోయిందని మాత్రం అబద్ధం చెప్పలేను. శుక్రవారం ఆ కుర్చీ వైపు చూస్తే ఇంకో మనిషి. అక్కా, నా బి గ్రూపుకి ఇంకేమైనా దారి ఉందా?

పొద్దున్నేకాల్:
ఉంది అన్నా. ఏ గ్రూపులో ఏ2 అని ఒక ఉపరకం ఉంది. ఏ2 దాత కిడ్నీని కొందరు బి గ్రూపు వాళ్లకి పెట్టొచ్చు, 2014 రూల్స్‌లోనే బి వాళ్లకి అందులో ప్రాధాన్యం ఇచ్చారు. మీ రక్తంలో ఏ కి వ్యతిరేకంగా ఉన్న యాంటీబాడీలు తక్కువ ఉండాలి (ఆ మోతాదునే టైటర్ అంటారు), మూడు నెలలకోసారి ఆ పరీక్ష చేసి లిస్టులో నమోదు చేయాలి, మీ సంతకం కావాలి. చాలా ఆస్పత్రులు ఇది చేయడం లేదు, చేసేచోట కూడా అడగనిదే చెప్పకపోవచ్చు. సోమవారం వెళ్లినప్పుడు మీ కోఆర్డినేటర్‌ని రెండు అడగండి. 'మీరు ఏ2 కిడ్నీ బి కి పెడతారా', 'నా యాంటీ-ఏ టైటర్ ఎంత'. పెట్టము అంటే, పెట్టే ఇంకో ఆస్పత్రిలో కూడా పేరు రాయించుకోండి, మీ డయాలసిస్ తేదీ మీతోనే అక్కడికీ వస్తుంది.