బూడిదతో మెరక చేసిన స్థలంలో మొక్కలు బతకడం లేదు
ఇబ్రహీంపట్నం దగ్గర మా స్థలం పల్లమని థర్మల్ విద్యుత్ కేంద్రం బొగ్గు బూడిదతో మూడడుగులు మెరక చేయించాం. ఇప్పుడు మామిడి గానీ జామ గానీ నాటితే చిగురేసి, ఆపైన ఆకు అంచులు మాడిపోతున్నాయి. పోసిన నీళ్లు జర్రున దిగిపోతాయి, పైన మాత్రం అట్ట కడుతుంది. మట్టి పరీక్షలో పీహెచ్ 8.6 (అంటే క్షారగుణం ఎక్కువ), నత్రజని బాగా తక్కువ అని వచ్చింది. రెండడుగుల గుంటలు తీసి ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కాస్త వేపపిండి వేశాం. వేళ్లు ఆ మట్టి దాటేసరికి మళ్లీ అదే కథ. కానుగ ఒక్కటే మొండిగా నిలబడింది, దాన్నేం తింటాం! ఢిల్లీలో 2018లో మూసేసిన బదర్‌పూర్ థర్మల్ స్టేషన్ బూడిద చెరువు మీద మట్టి పరిచి చెట్లు పెంచుతున్నారు కాబట్టి దారేదో ఉండే ఉంటుంది. బూడిద ఎత్తించకుండా జామ బతికి కాయాలంటే పైన ఎన్ని అడుగుల మట్టి తోలించాలి?