జీతం రాని ఓపెన్ సోర్స్ పని ఎందుకు చేస్తారు?

ప్రశ్న (ఇంజినీరింగ్ విద్యార్థిని, వరంగల్):
నమస్కారం. ఓపెన్ సోర్స్, అంటే ఎవరైనా చూసి మార్చుకోగల కోడ్ ఉన్న ప్రోగ్రాంలకు, గిట్‌హబ్ అనే కోడ్ సైటులో మనం పంపిన నాలుగు మార్పులు (పుల్ రిక్వెస్టులు) కనిపిస్తే ఉద్యోగం తేలిగ్గా వస్తుందని మా సీనియర్లు అంటున్నారు. ఇంతకు మించి ఏమీ లేదా? ఏళ్ల తరబడి ఇందులో ఉన్నవారు చెప్పగలరా?

జవాబు 1:
ఉద్యోగం కోసం మొదలుపెట్టినా తప్పు లేదమ్మా. అందరూ ఉచితంగా రాస్తున్నారనీ అనుకోవద్దు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లో చేరే మార్పుల్లో ఎక్కువ భాగం కంపెనీల జీతం మీద పనిచేసేవారివే.

జవాబు 2:
నా సంగతి చెబుతాను. మా ఊరి గ్రంథాలయంలో పుస్తకాల జాబితాకు ఒక చిన్న ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం వాడేవాళ్లం. పేరు పొడవైతే అది చివర కత్తిరించి చుక్కలు పెట్టేది. ఇంగ్లిషు పేర్లకు ఇబ్బంది లేదు. తెలుగు పేర్లు మాత్రం అక్షరం మధ్యలో తెగేవి: ‘శ్రీ’ ఉండాల్సిన చోట ‘శ్’ మిగిలేది. మన కంటికి శ్రీ ఒక్క అక్షరమే. కంప్యూటర్లు అక్షరాలకు వాడే యూనికోడ్ పద్ధతిలో మాత్రం నాలుగు సంకేతాలు: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. ప్రోగ్రాం సంకేతాలు లెక్కపెట్టి కోసేది.

చూస్తూ ఊరుకోలేక సరిచేసి పంపాను. ఆ ప్రోగ్రాం బాధ్యత చూసేది జర్మనీ ఆయన, తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా ప్రతి వరుసా చదివి, కన్నడ, మలయాళాల్లోనూ ఇంతేనా అని అడిగారు. నా కోడ్‌ను అంత శ్రద్ధగా ఆఫీసులో ఎవరూ చదవలేదు. నేను ఇందులో ఉండిపోవడానికి కారణం అదే. కొత్త మార్పులను సరిచూసే వాళ్ల పరీక్షల ఫైలులో ఇప్పుడు ‘శ్రీ’ ఉంది. అది తెగితే ఎవరి మార్పూ లోపలికి పోదు!

జవాబు 3:
అలా ఓపికగా చదివేవారి గురించీ ఆలోచించాలి. డేటాను కుదించే ఎక్స్‌జడ్ ప్రోగ్రాం భారమంతా దాదాపు ఒక్కరి మీదే ఉండేది, అదీ జీతం లేకుండా. ఆయన అలసిపోయినా ఒత్తిడి తగ్గలేదు. సాయం చేస్తామని వచ్చి, రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించిన ఒక మారుపేరు ఖాతా నుంచి అందులోకి, బయటివారు కంప్యూటర్లలోకి రహస్యంగా చొరబడేందుకు ఒక దొంగదారి చేరింది. లాగిన్‌కు అరసెకను ఎక్కువ పడుతోందేమని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే డెవలపర్ తవ్వబట్టి 2024 మార్చిలో బయటపడింది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. మరి నేను ఎక్కడ మొదలుపెట్టను?

జవాబు 2 రాసినవారు:
మీరు రోజూ వాడే ప్రోగ్రాం పాత బగ్ రిపోర్టుల్లో (లోపాల ఫిర్యాదుల్లో) ఒకటి తీసుకోండి. అది మీ కంప్యూటర్‌లో ఇంకా వస్తోందో లేదో, ఏ వెర్షన్‌లోనో రాసి పెట్టండి. దానికి కోడ్ రాయనక్కరలేదు, అక్కడివారికి ఒక సాయంత్రం మిగులుతుంది.