నాన్న చేతి తుపాకీ మీ చేతికి ఎప్పుడొచ్చింది?

మెట్టచేను:
మాది అనంతపురం వైపు పల్లె. వేరుశనగ కాయ ఊరే రోజుల్లో అడవిపందులు దిగాయంటే తెల్లారేసరికి చేను దున్నినట్టు ఉండేది. అందుకే నాన్నకు లైసెన్సు తుపాకీ ఉండేది, గొట్టం మూతిలోంచి మందు కూరే పాతరకం. 1983లో, నాకు తొమ్మిదేళ్లప్పుడు, మొదటిసారి రాత్రి కాపలాకు తీసుకెళ్లాడు. తుపాకీ ఇవ్వలేదులెండి, మందు సంచి మోయమన్నాడు. ముందు నల్లమందు, పైన కొబ్బరి పీచు, చువ్వతో దట్టించడం, తర్వాత గుళ్లు, మళ్లీ పీచు. మందుకు నిప్పు అంటించే టోపీ మాత్రం కాల్చే ముందే. ఈ వరస తడబడకుండా చెప్పడానికి నాకు ఒక పంటకాలం పట్టింది.

ఒకరోజు ఇంట్లో ఖాళీ తుపాకీ తమ్ముడి వైపు తిప్పాను. చెంప పగిలింది. "ఖాళీదే నాయనా" అన్నాను ఏడుస్తూ. "ఖాళీదని నీకెవురు చెప్పినారు?" అన్నాడు. నెల రోజులు చేనికి రానివ్వలేదు. నిజానికి ఆయన పందిని కొట్టింది తక్కువ, బెదరగొట్టిందే ఎక్కువ. ఎన్నికలొస్తే తుపాకీ స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకునేవాడు. ఆ రోజుల్లో డబ్బా వాయించుకుంటూ కాపలా.

మీకు ఎవరు నేర్పారు?

జొన్నకంకి:
మా ఇంట్లో గురి మా అమ్మది. తుపాకీ కాదు, వడిసెల, అదే రాయి పెట్టి విసిరే తాడు. జొన్నచేలో మంచె ఎక్కి, ఒక కొస వేలికి తగిలించి, రెండోది చిటికెతో పట్టి, తల చుట్టూ రెండు తిప్పులు తిప్పి వదిలేది. ఫట్‌మని మోత, పిట్టలన్నీ ఒక్కసారి లేచేవి. నేను తిప్పితే రాయి వెనక్కి పోయి మంచినీళ్ల కడవకు తగిలింది. ఆ ఎండలో మధ్యాహ్నం దాకా నీళ్లు లేవు. అమ్మ తిట్టలేదు, "ఇంకోటి తియ్యి" అంది. ఇంకోటీ అటే పోయిందనుకోండి.

కొండదారి:
మాది పాడేరు దగ్గర. మా దగ్గర గిరిజనులు చేసే ఇటుకల పండక్కి మగవాళ్లంతా విల్లంబులతో అడవికి పోతారు. వట్టి చేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లుతారు. నాన్న నాకు వెదురుబద్దతో చిన్న విల్లు చేసిచ్చాడు, నారి కూడా వెదురుదే. వేట సంగతి గుర్తులేదు కానీ, పేడనీళ్లు మాత్రం బాగా గుర్తు. మా పిన్ని ప్రత్యేకంగా నా కోసం ఒక చెంబు దాచింది.

రూల్స్‌బాబు:
పాత ముచ్చట్లు బాగున్నాయి కానీ, చదివే పిల్లలకు ఒక మాట. 1972 వన్యప్రాణి చట్టానికి 1991లో వచ్చిన సవరణతో లైసెన్సు వేట కూడా పోయింది. ఇప్పుడు కుందేలును కొట్టినా కేసే.

మెట్టచేను:
నిజమే బాబూ. ఆ తర్వాత నాన్న పైకే కాల్చేవాడు. గుళ్లు కూడా వేసేవాడు కాదు, వట్టి మందు.

ఆస్టిన్ నాన్న:
మా ఇంట్లో కథ తిరగబడింది. మావాడికి 13 ఏళ్లు, ఇక్కడ అమెరికాలోనే పుట్టాడు. స్నేహితుడి వాళ్ల నాన్న పిలిచారని వేట శిక్షణ కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. టెన్షన్‌తో నేనూ వెంట వెళ్లాను. నవంబరు చలిలో జింకల కోసం మాటు వేసే చెక్క గూట్లో నాలుగు గంటలు కూర్చున్నాం. నేను రైఫిల్ కాస్త పక్కకు జరపబోతే "నాన్నా, దాని మూతి ఎటుందో చూడు" అన్నాడు. మీ నాన్నగారి చెంపదెబ్బ చదివాక అదే గుర్తొచ్చింది.

జింక పడింది. వాడు వేట లైసెన్సు నుంచి ట్యాగు చీటీ చించి, నెల, తేదీ ఉన్నచోట కత్తితో కోసి, కొమ్ముకు కట్టాడు. పొట్ట కోసేటప్పుడు నాకు కడుపులో తిప్పింది. టార్చిలైటు పట్టుకుని మొహం అటు తిప్పుకున్నాను. "లైటు ఇటు నాన్నా" అని మూడుసార్లు అన్నాడు.

జొన్నకంకి:
కూర ఎలా ఉందో చెప్పలేదు!

ఆస్టిన్ నాన్న:
మా ఆవిడ గిన్నె కూడా ఇవ్వనంది. నేనే వండాను. ఇంకో గంట ఉడకాల్సింది.