అమ్మతో మదురై నుంచి అలెప్పీ దాకా: 9 రోజులు చాలుతాయా?

ప్రశ్న: అమ్మకు 72 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. మదురై, రామేశ్వరం, కన్యాకుమారి, తిరువనంతపురం, చివర అలెప్పీలో పడవ ఇల్లు. పరుగులు పెట్టించే యాత్ర వద్దు.

మొదటి జవాబు: పోయిన మాఘంలో అత్తయ్యతో ఇదే దారిలో వెళ్లాం. చాలుతాయి, కాని మదురైకి రెండు రాత్రులు ఇవ్వండి. రాత్రి సుందరేశ్వరుణ్ణి పల్లకిలో మీనాక్షమ్మ పడకగదికి తీసుకెళ్లే సేవ చూడకుండా రావద్దు. రామేశ్వరంలో 22 తీర్థాల స్నానమంటే బావి నుంచి బావికి తడి రాళ్ల మీద నడక. ఆరో బావి దగ్గరే అత్తయ్య, "శివయ్యకు నా సంగతి తెలుసులే" అని కూర్చుండిపోయింది. దర్శనానికి పొడి చీర సంచిలో ఉంచుకోండి. 1964 తుపానులో కొట్టుకుపోయిన ధనుష్కోడికి వెళ్తే మాత్రం ఎండ ఎక్కకముందే వెళ్లండి.

రెండో జవాబు: పద్మనాభస్వామి గుడిలో మగవారికి పంచె తప్పనిసరి, చొక్కా విప్పాలి. శయనించిన స్వామిని మూడు ద్వారాల్లోంచి చూడాలి. వరుస కదులుతూనే ఉంటుంది కనుక అమ్మగారిని ముందు నిలబెట్టండి.

మూడో జవాబు: పడవ ఇంటికి అంత డబ్బెందుకు? అలెప్పీ నుంచి కొట్టాయానికి ప్రభుత్వ పడవ ఉంది, సుమారు రెండున్నర గంటలు. బడిపిల్లలు, కూరగాయల సంచులు, గట్టు అవతల నీటిమట్టానికి దిగువన కుట్టనాడు వరిచేలు... నాకు అదే నచ్చింది.

ప్రశ్న అడిగినవారు: అందరికీ ధన్యవాదాలు. అమ్మకు చదివి వినిపించాను. పడవలో పెరుగన్నం దొరుకుతుందా అని అడుగుతోంది.