పింఛన్ తీసుకునేటోళ్లంటే చిన్నచూపు ఎప్పటి నుంచి?

ఓరుగల్లు పోరడు: హన్మకొండ బస్టాండ్ల ఒకాయన ఆసరా పింఛన్ ముసలవ్వను పట్టుకొని "మా పైసలు తింటున్నరు" అన్నడు. మా తాత రెండు రూపాయల బియ్యం తెచ్చుకున్నప్పుడు గిట్ల ఎవ్వలన్నా అన్నరా?

హన్మకొండ సారు: అన్నారు. 1983లో ఎన్టీఆర్ ఆ బియ్యం పెట్టినప్పుడూ "సోమరులైతరు" అన్నవాళ్లున్నారు. కానీ గట్టిగా కాదు. పింఛన్ 200 ఉన్నన్ని రోజులు ఎవరికీ కడుపు మండలేదు. 2014 నవంబర్‌లో ఆసరా వెయ్యి రూపాయలైంది, 2019లో 2016 రూపాయలైంది. ముసలమ్మ చేతిలో నాలుగు పైసలు ఆడినప్పటి నుంచే "ఉచితాలు" అనే మాట పెరిగింది. 2022లో ప్రధాని ఉచితాలను "రేవడీ" (పంచిపెట్టే మిఠాయి) అన్నాక ఆ మాటకు ఇంకా బలమొచ్చింది.

పరకాల రైతు: సార్, గవన్నీ వద్దు. మా వాడకట్టుల ఇంటి ముంగట కారున్నాయనకు పింఛన్ వస్తది. దానికి జవాబు చెప్పుండ్రి.

హన్మకొండ సారు: ఒక్క కారు చూసి ఊరందరినీ అంటారా?

పరకాల రైతు: కారుకు జవాబు చెప్పలే.

జమ్మికుంట: మా ఊర్లె కూడ ఉన్నరు అట్లాంటోళ్లు.

బీడీల బిడ్డ: అన్నా, మాది జగిత్యాల దిక్కు. మా అమ్మ ముప్పై ఏండ్లు బీడీలు చుట్టింది. ఆకు తడిపి, కత్తిరించి, తంబాకు నింపి, దారం కట్టి. ఇప్పుడు మెడ నిలవదు, వేళ్లు వంగయి. పీఎఫ్ నంబర్ ఉంది కాబట్టి బీడీ పింఛన్ వచ్చింది. అది గోలీలకే పోతది. మీరు కారు కారు అంటుంటె మా అమ్మనే అన్నట్టు అనిపిస్తది.

పరకాల రైతు: మీ అమ్మను అనలేదు చెల్లె. కని పత్తి ఏర మనుషులు దొరుకుతలేరు. పిలిస్తె "మాకేం అవసరం" అంటరు. వానకు పత్తి తడిసి నల్లబడ్డది. ఎవలికి చెప్పుకోవాలె?

బీడీల బిడ్డ: అంటె మా అమ్మసొంటోళ్లు ఆకలికి మీ చేన్లకు రావాల్ననా? కారు ముచ్చట ఉత్తదేనా?

ఓరుగల్లు పోరడు: అన్నా, 2018ల హుజూరాబాద్‌ల రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి 4000 చెక్కులిచ్చిండ్రు. ఎన్ని ఎకరాలున్నా ఇచ్చిండ్రు. గది ఉచితం కాదా?

పరకాల రైతు: నాకేడ ఇచ్చిండ్రు? నాకున్నది ఎకరంనర. ఇంకో నాలుగెకరాలు కౌలు. ఆ నాలుగెకరాల పైసలు హైదరాబాద్‌ల ఉన్న పట్టాదారు ఖాతాల పడుతుండె. దున్నింది నేను, మందు కొట్టింది నేను, అప్పు నాది.

హన్మకొండ సారు: ఇది మొదటే చెప్పాల్సింది.

బీడీల బిడ్డ: మరి కోపం ఆయన మీద ఉండాలె కదన్నా. 2016 రూపాయల ముసలామె మీదనా?

పరకాల రైతు: ఆయన్ను అంటె వచ్చే ఏడు కౌలుకియ్యడు చెల్లె.